ఓడలాట: కాగితం మీద, ఫోన్ మీద

ఈసారి పత్రికకు పుస్తకం మీద గానీ సినిమా మీద గానీ విమర్శ రాయమని మా తెలుగు అయ్యవారు చెప్పారు. "ఆట మీద రాయొచ్చా అయ్యవారూ?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "రాయి. కానీ ఈ ఆట చాలా బాగుంది, అందరూ ఆడండి అని రాస్తే అది విమర్శ కాదు. ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగలేదు, ఎందుకు అనేది చెప్పాల" అన్నారు.

నాకు బాగా తెలిసిన ఆట ఒకటే, ఓడలాట. పెట్టె మీద దాని పేరు బ్యాటిల్‌షిప్ అని ఉంటుంది. ఎనిమిదో తరగతిలో మేం దాన్ని కాగితం మీద ఆడేవాళ్లం, ఇప్పుడు ఫోన్‌లో ఆడుతున్నాను. రెండూ ఒకటే ఆట అని చాలామంది అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. ఈ ఆట వల్ల ఒకసారి నా నేస్తం మీద పెద్ద నింద వేశాను, ఆ సంగతి దాచిపెట్టి దీని గురించి రాస్తే నిజం రాసినట్టు కాదు. అందుకే అది కూడా రాస్తున్నాను.

ముందు ఆట చెప్తాను. ఇద్దరు ఆడాలి. ఒక్కొక్కరికి అడ్డం 10, నిలువు 10, మొత్తం 100 గడులున్న పటం ఉంటుంది. ఎదుటివాళ్లకు కనబడకుండా దాని మీద అయిదు ఓడలు పెట్టుకోవాలి. విమానాలు మోసే ఓడకు 5 గడులు, బ్యాటిల్‌షిప్‌కు 4, క్రూజర్‌కు 3, సబ్‌మెరైన్‌కు 3, డెస్ట్రాయర్‌కు 2. అన్నీ కలిపితే 17 గడులు. ఓడలు అడ్డంగా గానీ నిలువుగా గానీ ఉండాలి, ఏటవాలుగా పెట్టకూడదు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు గడి పేరు చెప్పి కొట్టాలి. అక్కడ ఓడ ఉంటే "తగిలింది" అనాలి, లేకపోతే "నీళ్లు" అనాలి. ఒక ఓడకున్న గడులన్నీ తగిలితే "మునిగింది" అనాలి. ఎవరి ఓడలన్నీ ముందు మునుగుతాయో వాళ్లు ఓడినట్టు. (ఓడలు పోతే ఓడిపోవడం. ఈ మాట చెప్పి మా క్లాసులో ఎన్నిసార్లు నవ్వామో లెక్క లేదు.)

మొదటి ప్రపంచ యుద్ధం నాటికే దీన్ని కాగితం మీద ఆడేవాళ్లని చెబుతారు. 1931లో అమెరికాలో 'సాల్వో' అనే పేరుతో అచ్చు కాగితాలు అమ్మారు. 1967లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ ప్లాస్టిక్ పెట్టె తెచ్చింది, ఎర్ర పుల్లలు, తెల్ల పుల్లలు గుచ్చే పెట్టె. 2012లో ఆట పేరు పెట్టి హాలీవుడ్ వాళ్లు సినిమా కూడా తీశారు. అందులో వేరే గ్రహం వాళ్లు వచ్చి యుద్ధం చేస్తారు. వంద గడుల ఆటలో వాళ్లకు చోటెక్కడిదో నాకు అర్థం కాలేదు.

మాకు పెట్టె లేదు. లెక్కల గళ్ల నోటులో నడిమి పేజీలు ఉండేవి. పెట్టె మీద నిలువు వరసలకు 1 నుంచి 10 దాకా అంకెలు, అడ్డ వరసలకు ఏ నుంచి జే దాకా ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నేనూ నా నేస్తమూ మాత్రం అడ్డ వరసలకు మన అక్షరాలే రాసేవాళ్లం. క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ. లెక్కపెట్టండి, సరిగ్గా పది. ఈ ఆట కోసమే ఆ రెండు వర్గాలు పుట్టినట్టు ఉంటుంది. తమిళం పీరియడ్ అయిపోగానే ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో సాంఘికశాస్త్రం పుస్తకం గోడలాగా నిలబెట్టి ఆడేవాళ్లం. మా పక్కింటి అబ్బాయి తమిళ మీడియంలో చదువుతాడు. మా పటం చూసి, "ఒక క చాలదా? నాలుగెందుకు?" అని అడిగాడు. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. అప్పుడు నవ్వేశాను గానీ, వాడి ప్రశ్న నవ్వాల్సింది కాదని తర్వాత తెలిసింది.

మన అక్షరాలు పెట్టడం వల్ల ఆటలో ఒక తమాషా వచ్చింది. ఙ, ఞ అనే అక్షరాలతో మొదలయ్యే మాటలు మనకు లేవు. వాటిని పలకాలంటే నోరు తిరగదు, పలికితే క్లాసంతా నవ్వుతుంది. అందుకని ఆ రెండు వరసల్లో ఎవరూ కొట్టేవాళ్లు కాదు. నా నేస్తం అది కనిపెట్టి, ఎప్పుడూ ఒక ఓడను తీసుకుపోయి అడుగున ఞ వరసలో దాచేది. నాకు ఆ సంగతి తెలియడానికి ఒక నెల పట్టింది. తెలిసినాక కూడా "ఞ-3" అనడానికి సిగ్గుపడి ఓడిపోయిన రోజులున్నాయి.

ఇప్పుడు గొడవ సంగతి. ఎనిమిదో తరగతి చివర, పరీక్షలకు ముందు. ఆ రోజు నేను ఆమె ఓడలు నాలుగు ముంచేశాను. ఇంకొక్కటే మిగిలింది, నాలుగు గడుల ఓడ. ఎంత వెతికినా దొరకలేదు. ఈలోగా ఆమె నావన్నీ ముంచేసింది. "ఎక్కడ పెట్టినావు, చూపించు" అన్నాను. పుస్తకం పక్కకు తీసి చూపించింది. ఖ-4 నుంచి ఖ-7 దాకా ఉంది ఓడ. నా పటం చూసుకున్నాను. ఖ-6 దగ్గర పెద్ద ఇంటూ గుర్తు ఉంది. నేను ఆట మొదట్లోనే ఖ-6 కొట్టాను, ఆమె "నీళ్లు" అంది, అందుకే నేను ఆ పక్కకు మళ్లీ పోలేదు.

"ఖ-6 కొడితే నీళ్లంటివి కదా! అబద్ధం చెప్తావా?" అన్నాను.

"నువ్వు ఖ-6 కొట్టనే లేదు మే" అంది.

నాకు కోపం వచ్చింది. ఆమె పటం లాక్కుని నా నోటులో పెట్టేసుకున్నాను. అందరి ముందర "దొంగాట" అన్నాను. ఆమె ఏడవలేదు, మారు మాట్లాడలేదు. బ్యాగు తీసుకుని వేరే బెంచీకి పోయింది. పరీక్షలు అయిపోయాయి. సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. వాళ్ల నాయన ఆమెను బెంగళూరు పక్క ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చారని మాయమ్మ చెప్పింది. తొమ్మిదో తరగతిలో మేం ఎనిమిది మందిమే మిగిలాం. మా తరగతికి ఇది కొత్త కాదు, ప్రతి సంవత్సరం ఒకరో ఇద్దరో పోతారు. కానీ పోయే ముందర వాళ్లను ఎవరూ దొంగ అనరు.

ఆరు నెలలు మాటల్లేవు. దసరా సెలవుల్లో ఒకరోజు మాయమ్మ ఫోన్‌కు వాళ్లమ్మ నంబరు నుంచి ఒక లింక్ వచ్చింది. పైన ఏమీ రాసి లేదు. కింద కూడా ఏమీ లేదు. నొక్కితే నీలం రంగు గళ్ల పటం తెరుచుకుంది. ఓడలాట.

అట్లా నాకు ఆన్‌లైన్‌లో ఆడడం తెలిసింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఈ ఆట ఆడించే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, కొన్నిట్లో పేరు కూడా నమోదు చేయక్కర్లేదు. తెరవగానే సాధారణంగా మూడు దారులు చూపిస్తుంది: కంప్యూటర్‌తో ఆడు, ఎవరో తెలియనివాళ్లతో ఆడు, నీ స్నేహితులతో ఆడు. మూడోది ఎంచుకుంటే ఒక లింక్ ఇస్తుంది, దాన్ని మనకు కావలసినవాళ్లకు పంపాలి. వాళ్లు నొక్కగానే ఇద్దరికీ పటాలు వస్తాయి. ఓడలను వేలితో లాగి గడుల్లో పెట్టాలి, ఒకసారి తట్టితే అడ్డం ఓడ నిలువుగా తిరుగుతుంది. 'సిద్ధం' అని నొక్కినాక ఇక మార్చలేము. మన వంతు వచ్చినప్పుడు ఎదుటివాళ్ల పటం మీద ఏదో ఒక గడిని తట్టాలి. నీళ్లో, తగిలిందో యంత్రమే చెబుతుంది, గుర్తు కూడా అదే పెడుతుంది.

పెద్దవాళ్లు చదువుతారు కాబట్టి ఇక్కడ ఒక మాట. రెండో దారి, తెలియనివాళ్లతో ఆడడం, దానిలో కొన్నిచోట్ల పక్కనే మాటలు రాసుకునే పెట్టె ఉంటుంది. ఆటలో ఓడిపోయినవాళ్లు అందులో ఏమేం రాస్తారో నేను ఒక్కసారి చూశాను, చాలు. ఆ పెట్టెను మూసేసే బటన్ ఉంటుంది, లేకపోతే ఆ దారికే పోకూడదు. మాయమ్మ పెట్టిన షరతు కూడా అదే: లింక్ పంపేది తెలిసినవాళ్లయితేనే ఫోన్ ఇస్తుంది.

ఇంకొకటి, ఆన్‌లైన్‌లో ఆట మొదలుపెట్టే ముందు ఏ రూల్స్‌తో ఆడుతున్నామో చూసుకోవాలి. అన్నీ ఒకటి కావు. కొన్నిట్లో నేను పైన చెప్పిన అయిదు ఓడలే ఉంటాయి, వాటిని ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టవచ్చు. ఇంకొన్ని రష్యావాళ్ల పద్ధతిలో ఉంటాయి. అందులో నాలుగు గడుల ఓడ ఒకటి, మూడు గడులవి రెండు, రెండు గడులవి మూడు, ఒక్క గడివి నాలుగు. మొత్తం 20 గడులు. ఏ ఓడా ఇంకో ఓడను తాకకూడదు, మూలలతో కూడా. తగిలితే మళ్లీ మన వంతే. మొదటి రోజు నాకు ఇది తెలియక, పక్కపక్కనే ఓడలు పెట్టబోతే యంత్రం ఎర్రగా చూపించి ఒప్పుకోలేదు. ఫోన్ చెడిపోయిందనుకున్నాను.

ఆ మొదటి ఆటలో మేం ఒక్క మాట కూడా రాసుకోలేదు. నేను ఏ అని రాసి ఉన్న పై వరస నుంచి కొట్టుకుంటూ వచ్చాను. చాలాసేపటికి అడుగున జే వరసలో ఒక గడి తట్టాను. తగిలింది. పక్కది తట్టాను. మళ్లీ తగిలింది. జే అంటే పదో వరస, మా పటంలో ఞ. ఇప్పుడు జే అనడానికి ఎవరూ సిగ్గుపడరు, అక్కడ దాచడం వల్ల ఏ లాభమూ లేదు. అయినా అక్కడే పెట్టింది. తెర మీద ఆమె పేరు లేదు, 'ప్లేయర్ 2' అని మాత్రమే ఉంది. కానీ ఆమేనని నాకు తెలిసిపోయింది.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆడుతున్నాం. అరవై ఆటలకు పైనే అయ్యుంటాయి. కాగితం మీద రోజుకు ఒక ఆట అయితే ఎక్కువ, ఫోన్‌లో అరగంటకు మూడు అవుతాయి. ఎక్కువ ఆటలు ఆడడం వల్ల నాకు ఆట లోపలిది అర్థమైంది. ఈ గొప్ప ఫోన్‌దేనని ఒప్పుకోవాలి.

ఏం అర్థమైందంటే, ఇది అదృష్టం ఆట కాదు. గుడ్డిగా ఎక్కడపడితే అక్కడ కొట్టుకుంటూ పోతే ఆట ముగించడానికి సగటున 95 దెబ్బలు పడతాయి, అంటే దాదాపు పటమంతా కొట్టాలి. మా లెక్కల మేడమ్ ఇది నల్లబల్ల మీద చేసి చూపించారు. అయిదు ఓడల ఆటలో అన్నిటికంటే చిన్న ఓడకు కూడా రెండు గడులు ఉంటాయి కదా. చదరంగం పలకలాగా పటానికి నల్లవి, తెల్లవి రంగులు వేశామనుకోండి. పక్కపక్క గడులు రెండింటిలో ఒకటి నల్లది అయి తీరాలి. అంటే నల్ల గడులు మాత్రమే కొట్టుకుంటూ పోయినా ఏ ఓడా తప్పించుకోలేదు. వందలో యాభైతోనే అన్ని ఓడల జాడా దొరుకుతుంది. రెండు గడుల ఓడ మునిగిపోయిందా, ఇక చిన్నది మూడు గడులది, అప్పుడు మూడేసి గడులకు ఒకటి కొడితే చాలు. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఖ-6 కొట్టి వదిలేసిన రోజు నాకు ఈ సంగతి తెలిసి ఉంటే ఖ-4 కూడా కొట్టి ఉండేదాన్ని, గొడవే ఉండేది కాదు.

అన్ని గడులూ సమానం కావు అనేది ఇంకో సంగతి. అయిదు గడుల ఓడను పటం మీద 120 రకాలుగా పెట్టవచ్చు. మూలగడి మీదుగా పోయేవి వాటిలో రెండే. నడిమి గడి మీదుగా పోయేవి పది. కాబట్టి మొదట నడుమ వెతకడం మేలు. కంప్యూటర్‌తో ఆడితే, తెలివిగా రాసిన కంప్యూటర్ ఇదే లెక్క ప్రతి దెబ్బకూ చేస్తుంది, దాన్ని గెలవడం కష్టం. తెలివి తక్కువగా రాసినది గుడ్డిగా కొడుతుంది, దాన్ని గెలవడం విసుగు. రెండూ నాకు నచ్చలేదు. మనిషి అయితే అట్లా కాదు. నడుమ వెతుకుతారని తెలిసి అంచుల్లో పెడుతుంది. అంచుల్లో పెడుతుందని నాకు తెలుసని తెలిసి మళ్లీ నడుమ పెడుతుంది. ఆట అంతా ఇక్కడే ఉంది.

రష్యా పద్ధతిలో అంచుకు ఇంకో లాభం ఉంది. ఓడ మునిగితే దాని చుట్టూ ఉన్న గడులన్నీ నీళ్లేనని ఎదుటివాళ్లకు ఊరికే తెలిసిపోతుంది. నాలుగు గడుల ఓడ నడుమ ఉంటే చుట్టూ 14 గడులు తెలుస్తాయి. అంచుకు ఆనించి పెడితే 8, మూలకు చేర్చి పెడితే 6. పెద్ద ఓడలను అంచుల్లో సర్ది, ఒక్క గడి ఓడలను మిగతా సముద్రంలో విసిరేయడం మంచిది. చదరంగం పలక ఉపాయం మాత్రం ఇక్కడ పనిచేయదు, ఒక్క గడి ఓడ ఏ రంగులోనైనా కూర్చుంటుంది.

ఇక బాగలేనిది. అన్నిటికంటే నాకు నచ్చనిది యాదృచ్ఛికంగా సర్దే బటన్. దాదాపు అన్ని వెబ్‌సైట్లలో ఉంటుంది. నొక్కితే ఓడలన్నీ వాటంతట అవే ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. చాలామంది అదే నొక్కుతారు, టైము కలిసొస్తుందని. కానీ ఓడలు పెట్టడమే ఈ ఆటలో సగం. ఎదుటివాళ్లు ఎట్లా ఆలోచిస్తారో ఊహించి పెడతాం, వాళ్లు మనం ఎట్లా పెడతామో ఊహించి కొడతారు. బటన్ నొక్కితే అటు ఎవరూ లేనట్టే. నా నేస్తం బటన్ నొక్కిన రోజు నాకు తెలిసిపోతుంది, పదో వరస ఖాళీగా ఉంటుంది. "ఈ రోజు బటన్ నొక్కినావు కదా" అని రాస్తే, "ట్యూషన్‌కు లేటవుతా ఉండాది" అని రాస్తుంది. ఆ రోజు గెలిచినా సంతోషం ఉండదు.

రెండోది, యంత్రం మన తరఫున ఆలోచించడం. రష్యా పద్ధతిలో ఒక ఓడ మునిగితే చుట్టూ ఉన్న గడులన్నిటికీ యంత్రమే చుక్కలు పెట్టేస్తుంది. కొన్నిట్లో ఒక్క గడి తగలగానే నాలుగు మూలల గడులకు కూడా చుక్కలు పడతాయి. ఓడలు ఏటవాలుగా ఉండవు, ఒకదాన్ని ఒకటి తాకవు, కాబట్టి ఆ నాలుగూ నీళ్లే. ఈ సంగతిని నేను కనిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! కనిపెట్టకముందే చుక్కలు పడిపోయాయి. మా తమ్ముడు ఫోన్‌లోనే ఆట నేర్చుకున్నాడు. వాడిని కాగితం మీద ఆడమంటే, మునిగిన ఓడ చుట్టూ మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. చుక్కలు ఎందుకు పడతాయో వాడికి తెలియదు, పడతాయని మాత్రమే తెలుసు. చిన్నపిల్లలకు ఈ ఆట నేర్పేవాళ్లు ముందు కాగితం మీద నేర్పాలని నా అభిప్రాయం.

ముఖం కనబడదు అనేది అందరూ చెప్పే ఫిర్యాదు. నిజమే, ఆమె ఓడకు దగ్గరగా వస్తే పెన్సిలు కొరికేది, ఆ పెన్సిలు చూసే నేను చాలా ఆటలు గెలిచాను. కానీ దాన్ని పెద్ద లోపం అనను. పెన్సిలు చూసి గెలవడం కూడా ఒకరకంగా దొంగతనమే. యాడ్లు, గడియారం పెట్టి తొందర పెట్టడం, ఇవన్నీ ఉన్నవే, వాటి గురించి ఎక్కువ రాయను.

అసలు సంగతి నమ్మకం. కాగితం మీద నేను గడి పేరు చెప్తాను, ఆమె "నీళ్లు" అంటుంది, నేను నమ్మాలి. పటం ఆమె చేతిలో ఉంది, అడిగి చూసే వీలు లేదు. ఓడిపోయేటట్టు ఉన్నా నిజమే చెప్పాలి. ఎదుటివాళ్లను అంతగా నమ్మి ఆడే ఆటలు ఎక్కువ లేవు. చదరంగంలో అన్నీ బల్ల మీదే కనబడతాయి. ఫోన్‌లో ఆ నమ్మకంతో పనిలేదు. ఓడ ఎక్కడుందో యంత్రానికి తెలుసు, అది అబద్ధం చెప్పదు, ఎవరూ చెప్పలేరు. మొదట్లో నాకు ఇదే అన్నిటికంటే గొప్పగా అనిపించింది. ఈ విమర్శలో "ఫోన్ ఆటలో దొంగాట ఉండదు, కాబట్టి అదే మేలు" అని రాద్దామనుకున్నాను. నా మనసులో ఎవరి దొంగాట ఉందో చెప్పక్కర్లేదు.

రాయడానికి కూర్చుని, పాత ఆటల వివరాల కోసం ఎనిమిదో తరగతి గళ్ల నోటు వెతికాను. అందులో ఆమె దగ్గర లాక్కున్న కాగితం మడత పెట్టి ఉంది. దాని పక్కనే నాది. రెండూ బల్ల మీద పరిచాను.

మా పద్ధతిలో ఎదుటివాళ్లు కొట్టిన ప్రతి గడికీ మన పటం మీద కూడా గుర్తు పెట్టుకుంటాం. అంటే నేను కొట్టినవన్నీ రెండు కాగితాల మీదా ఉండాలి. లెక్కపెట్టాను. నా కాగితం మీద 41, ఆమె కాగితం మీద 41. సరిపోయింది. ఒక్కొక్కటే పోల్చుకుంటూ వచ్చాను. తగిలినవి 13, రెండింటిలోనూ ఒకటే. నీళ్లు 28. వాటిలో 27 సరిపోయాయి. ఒక్కటి మాత్రం తేడా. నా కాగితం మీద ఖ-6 దగ్గర గుర్తు ఉంది, ఆమె కాగితం మీద ఖ-6 దగ్గర ఏమీ లేదు. ఆమె కాగితం మీద క-6 దగ్గర గుర్తు ఉంది, నా కాగితం మీద అక్కడ ఖాళీ.

నేను ఖ అన్నాను, ఆమెకు క అని వినబడింది. క-6లో నీళ్లే ఉన్నాయి, నీళ్లని చెప్పింది. "నువ్వు ఖ-6 కొట్టనే లేదు" అన్నది కూడా ఆమె చెప్పిన నిజమే.

ఆమెకు తప్పుగా వినబడిందని రాస్తే అది కూడా సగం నిజమే అవుతుంది. మా ఇంట్లో ఎవరూ ఒత్తులు పలకరు. కతలు చెప్తారు, కారం గాటుగా ఉందంటారు. అయ్యవారు పద్యం చదివించేటప్పుడు "ఒత్తు ఎక్కడికి పోయింది?" అని నన్నే ఎక్కువసార్లు నిలబెట్టారు. ఆ రోజు కూడా నేను ఖ అనుకుని క అనే అని ఉంటాను. పక్కింటి అబ్బాయి అడిగింది ఇదే. నాలుగు క-లు రాసుకుని ఒక్క క-నే పలికితే, గోడ అవతల ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది? ఓడల మీద పనిచేసేవాళ్లు ఈ ఇబ్బంది రాకుండా వైర్‌లెస్‌లో అక్షరానికి బదులు మాట చెబుతారట. ఏ అంటే ఆల్ఫా, బీ అంటే బ్రావో, సీ అంటే చార్లీ. మనకు మొదటి తరగతి వాచకంలోనే ఉంది కదా అటువంటిది, ఖ అంటే ఖడ్గం, ఘ అంటే ఘటం. మాకు తట్టలేదు.

అందుకని ముందు రాద్దామనుకున్నది కొట్టేశాను. ఫోన్‌లో ఆడి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు, అది నిజం. గడిని తట్టడమే కదా, పలికే పని లేదు. కానీ ఫోన్‌లో ఇంకేదో కారణంతో గొడవ వచ్చి ఉంటే, ఆట మూయగానే పటం పోతుంది. మేం ఆడిన అరవై ఆటల్లో ఒక్కదాని గుర్తు కూడా ఇప్పుడు లేదు. ఎవరు ఎక్కడ కొట్టారో, ఎవరు ఏం విన్నారో తిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు. ఆడిన ఆటను దాచి, మొదటినుంచి మళ్లీ చూపించే వీలు నేను చూసిన వెబ్‌సైట్లలో ఎక్కడా లేదు. యాడ్లకు పెట్టిన చోటులో పావు వంతు దానికి పెట్టినా సరిపోయేది.

రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఆ రెండు గడుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, మాయమ్మ ఫోన్‌తో ఫోటో తీసి పంపాను. కింద ఏం రాయాలో చాలాసేపు తెలియలేదు. "నేను దొంగాట అన్నది తప్పు. అందరి ముందర అన్నాను. బడి పత్రికలో అందరి ముందరే రాస్తున్నాను" అని రాశాను.

రాత్రి భోజనాల వేళకు జవాబు వచ్చింది.

"ఆ కాగితం ఇంకా పెట్టుకోని ఉండావా! సంక్రాంతికి అవ్వోళ్ల ఊరికి వస్తాండాను. గళ్ల నోటు ఎత్తి పెట్టు. ఈసారి ఖ అనొద్దు మే, ఖడ్గం అను."